నాలుగో గడిలో అక్క

కిందటి వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. చదివినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. పదహారు కాలేజీల అమ్మాయిల బాస్కెట్‌బాల్ నాకౌట్ పోటీలు అయిపోయాయి. నాకౌట్ అంటే గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి. ఫైనల్ దాకా వచ్చిన రెండు టీములూ పై స్థాయి పోటీలకు వెళ్తాయి, మిగతా పద్నాలుగూ సామాన్లు సర్దుకుంటాయి. కప్పు కొండమీది కాలేజీ ఎగరేసుకుపోయింది. ఫైనల్లో పందొమ్మిది పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడినా, రైలుగేటు కాలేజీకి రెండో చోటు దక్కింది. మన గడియారం కాలేజీ మాత్రం సెమీఫైనల్లో ఆ కొండమీది కాలేజీ చేతిలోనే ఒకే ఒక్క పాయింటుతో పోయింది. ఆఖరి రెండు సెకన్లలో మనవాళ్లకి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే అవకాశాలు, దొరికాయి. మొదటిది పడింది. రెండోది రింగు మీద ఒక చుట్టు తిరిగి, కాసేపు ఆలోచించుకుని, బయటికి పడింది.

ఆ గడియారం కాలేజీ కోచ్ తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగంలో ఉంది. ఈసారి టీం పై పోటీలకు వెళ్తే ఉద్యోగం పర్మనెంటు, వెళ్లకపోతే నెలాఖరుకి బాస్కెట్‌బాల్ విభాగానికే తాళం అని యాజమాన్యం కాగితం మీద రాసిచ్చింది. కోచ్‌కి ఒక చెల్లెలుంది. ఇంకో కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది, అందరూ లెక్కల మేడమ్ అంటారు. పోటీలకు డ్రా వేసేది, అంటే ఏ టీం ఎవరితో తలపడాలో గడులు గీసి నింపేది ఆవిడే. మ్యాచిల్లో స్కోరు రాసే లైసెన్సు కూడా ఆవిడకుంది. ఆదివారం పొద్దున ఆ డ్రా పుస్తకం తెరిచి, తను చేసిన పని చూసుకుని, లెక్కల మేడమ్ గుండె గుభేలుమనడంతో కిందటి వారం ఆగాం. ఆ పనేమిటో ఇక దాచి లాభం లేదు.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి కన్వీనర్ గదిలో మీటింగు పెట్టారు. కన్వీనర్ ముప్పై ఏళ్లు రిఫరీగా చేసి రిటైరైన పెద్దమనిషి. అందరూ విజిల్ సార్ అంటారు, ఆయనకూ సొంత పేరు కంటే ఆ పేరే ఇష్టం. గది అని పేరేగానీ అది ఒకప్పటి స్టోర్‌రూము, అందులోనే ఒక టేబులు వేశారు. ఒక మూల గాలి దిగిన బంతుల గోనెసంచి, ఇంకో మూల ఇనప బీరువా, దాని మీద చెవులు విరిగిన కప్పులు. ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది. లెక్కల మేడమ్ అరగంట ముందే వచ్చి, డ్రా పుస్తకం ఉన్న సంచిని ఒళ్లో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా తలుపు పక్క కుర్చీలో కూర్చుంది.

మీటింగుకి కారణం ఒక అర్జీ. గడియారం కాలేజీ అమ్మాయిలు పన్నెండుమందీ సంతకాలు పెట్టి ఇచ్చారు. దాన్ని తెచ్చింది వాళ్ల కెప్టెన్ బుడ్డి. అయిదడుగులు దాటని పిల్ల, బంతి చేతిలో ఉంటే ఆరడుగులవాళ్ల చంకల కిందనుంచి దూరిపోతుంది. ఆ రెండో ఫ్రీ త్రో పోగొట్టింది పాపం ఈ పిల్లే. టేబులుకి అవతల రైలుగేటు కాలేజీ కోచ్ కూర్చున్నాడు. ప్రతి మ్యాచికీ ఒకటే గళ్ల చొక్కా వేసుకొస్తాడు కాబట్టి ఆయన పేరు గళ్ల చొక్కా అయిపోయింది. ఇవాళ మ్యాచి లేకపోయినా అదే చొక్కా. అందరికంటే ఆఖర్న గడియారం కాలేజీ కోచ్, లెక్కల మేడమ్ అక్క, వచ్చింది. చెల్లెలి వైపు చూడకుండా వెళ్లి కిటికీ పక్కన నిలబడింది.

విజిల్ సార్ కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు. “‘ఒక్క మ్యాచితో మంచి టీం ఏదో తేలదు. నాకౌట్‌కి ముందు లీగులో ఇరవై ఆడి పద్దెనిమిది గెలిచాం. మాకు న్యాయం చెయ్యాలి.’ ఇంతేనా తల్లీ?”

“ఇంతే సార్,” అంది బుడ్డి.

“తప్పుల్లేకుండా రాశారు, సంతోషం. లెక్కల మేడమ్, ఇది మీ డిపార్టుమెంటు. నాకౌట్‌లో గెలిచిన టీమే మంచి టీమా? ఔనో కాదో చెప్పండి, మీటింగు మినిట్స్‌లో రాసుకుంటాను.”

“ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను సార్.”

“అదుగో, గోడమీది పిల్లి,” అన్నాడు గళ్ల చొక్కా.

లెక్కల మేడమ్ లేచి నిలబడింది. పాఠం చెప్పేటప్పుడు ఆవిడకి భయం ఉండదు, మిగతా అన్ని వేళలా ఉంటుంది. “పదహారు టీములు సార్. కప్పు కొట్టాలంటే వరసగా నాలుగు గెలవాలి. ఒక టీం ఎంత మంచిదంటే, ఎవరితో ఆడినా పదింటికి ఏడు గెలుస్తుందనుకుందాం. అలాంటి టీం వరసగా నాలుగూ గెలిచేది నూటికి ఎన్నిసార్లో చెప్పండి?”

“డెబ్భై,” అన్నాడు గళ్ల చొక్కా.

“ఇరవై నాలుగు.”

“అదెట్లా?”

“ఒక్కో మ్యాచికీ కొంచెం కొంచెం తరిగిపోతుంది సార్. మిగతా డెబ్భై ఆరుసార్లు ఆ మంచి టీం మధ్యలోనే బస్సెక్కేస్తుంది. కప్పు ఇంకొకరికి వెళ్తుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఆ నాలుగు రోజులూ వాళ్లవి, అంతే.”

విజిల్ సార్ నవ్వాడు. “అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు కదమ్మా?”

“ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికిన అన్నానికి చాలు సార్. ఆటలో ఇవాళ పట్టిన మెతుకు ఒకలా ఉంటుంది, రేపు పట్టింది ఇంకోలా ఉంటుంది.”

“బాగుంది. మరి నా మాట కూడా రాసుకోండి.” ఆయన కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు. “మంచి టీం ఎవరో తెలుసుకోడానికే అయితే మీ పుస్తకం చాలు. గ్యాలరీలు కట్టి జనాన్ని ఎండలో కూర్చోబెట్టక్కర్లేదు. నాకౌట్ పెట్టేది అందుకు కాదమ్మా. రేపు లేదు, ఉన్నది ఇవాళే అని తెలిసినప్పుడు ఎవరి చెయ్యి వణకదో చూడ్డానికి. అదీ ఆటలో భాగమే. ముప్పై ఏళ్లు కోర్టు మధ్యలో నిలబడి చూశాను. చాలా మంచి టీములు వణికాయి.”

బుడ్డి తల దించుకుంది. 

“ఆ పిల్ల చెయ్యి వణకలేదు సార్,” అంది అక్క కిటికీ దగ్గరనుంచి. “రోజుకి వంద వేస్తుంది. ఎనభై పడతాయి, ఇరవై పోతాయి. ఆ పోయే ఇరవైలో ఒకటి ఆ రోజొచ్చింది. దానికేం చేస్తాం? ఓడిపోయాం. ఈ అర్జీ సంగతి నాకు తెలీదు, తెలిస్తే రాయనిచ్చేదాన్ని కాదు. ఆడలేక మద్దెల ఓడు అనిపించుకోవడం నాకిష్టం లేదు. వెనక్కి తీసుకుంటున్నాం.”

“మేడమ్!” అంది బుడ్డి.

“నోరు మూసుకుని వెళ్లి బ్యాగులు సర్దించు.”

బుడ్డి కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. విజిల్ సార్‌కి బరువు దిగినట్టుంది. అర్జీ వెనకవైపు ‘ఉపసంహరించుకోవడమైనది’ అని గుండ్రంగా రాశాడు. అక్క వచ్చి సంతకం పెట్టింది. దాని కింద డ్రా కార్యదర్శి కూడా సంతకం పెట్టాలి. కాగితమూ పెన్నూ లెక్కల మేడమ్ ముందుకొచ్చాయి.

పెడితే అంతటితో సరి. పుస్తకం ఆవిడ సంచిలోనే ఉంది, దాన్ని అడిగేవాళ్లూ లేరు, తెరిచి చూసేవాళ్లూ లేరు. అక్క తిట్టినా, ఏడ్చినా, అర్జీ పట్టుకుని టేబులు గుద్ది పోట్లాడినా ఆవిడ నోరు మూసుకుని సంతకం పెట్టేదేమో. ఓడిపోయాం అని అంత శుభ్రంగా ఒప్పుకునేసరికి పెన్ను పక్కన పెట్టేసింది. నెలాఖరుకి అక్క ఉద్యోగం పోతుంది, పోయాక కూడా అందరితో ఇలాగే చెబుతుంది, మేమే ఓడిపోయాం అని.

“సార్, ఆ అర్జీ వెనక్కి తీసుకోకూడదు,” అంది లెక్కల మేడమ్. “వీళ్లు రెండో చోటు పోగొట్టుకుంది నాకౌట్ వల్ల కాదు. నా వల్ల.”

ఆవిడ పుస్తకం తీసి టేబులు మీద తెరిచింది.

“లీగు మ్యాచిలన్నీ చూసి టీములకి వరస కడతాను కదా సార్. ఒకటో నంబరునీ రెండో నంబరునీ డ్రాలో చెరో సగంలో వేస్తాం, ఫైనల్ దాకా కలవకుండా. ఒకటో నంబరు, అంటే కొండమీది కాలేజీ, ఉన్న సగంలో నాలుగోవాళ్లని వేస్తాం, సెమీఫైనల్లో వాళ్లే ఎదురుపడతారు. గడియారం కాలేజీని నేను నాలుగో గడిలో వేశాను. కానీ వాళ్లు రెండో నంబరు.”

“ఎలా?” అన్నాడు విజిల్ సార్.

“చేతకాని టీం మీద యాభై పాయింట్లతో గెలిస్తే గొప్పేముంది? అందుకని ఇరవై దగ్గర గీత గీస్తాను. అంతకు మించి ఎంత తేడాతో గెలిచినా ఇరవయ్యే లెక్క. పదిహేను టీములకి ఇరవై దగ్గర గీశాను. అక్కవాళ్లకి మాత్రం పది దగ్గర గీశాను.”

విజిల్ సార్ పుస్తకం మీదికి వంగాడు. పదిహేను వరసల్లో ఇరవై, ఒక్క వరసలో పది. పెన్సిలుతో రాసింది, ఎక్కడా దిద్దిన గుర్తు లేదు. చాలాసేపు చూశాడు. మంచి మనిషి, ఆవిడ కోసం ఒక తలుపు తెరిచి పట్టుకున్నాడు. “చెయ్యి జారి ఇరవైకి బదులు పది పడింది. అంతేనామ్మా?”

“చెయ్యి జారలేదు సార్. ఇరవై వేసి కడితే వాళ్లకి రెండో నంబరు వచ్చింది. నాకు భయమేసింది. చెల్లెలు అక్కకి మంచి గడి ఇచ్చుకుంది అంటారని. ఇంకొంచెం కఠినంగా ఉంటే న్యాయంగా ఉంటుందనుకున్నాను. పది వేశాను. నాలుగు వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.”

“అంటే మా రెండో చోటు దొంగసొమ్మా మేడమ్?” గళ్ల చొక్కా లేచాడు. “రాజుగారి పెద్ద భార్య మంచిదంటే చిన్న భార్య చెడ్డదనేగా!”

“లేదు సార్. మీ టీం మూడో నంబరు. మీకిచ్చిన దారిలో మీరు ఆడుకుంటూ వచ్చారు. మీ తప్పేమీ లేదు.”

“మూడో నంబరట! నా మొహం మీదే చెబుతోంది, చూశారా సార్?”

విజిల్ సార్ చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టాడు. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా,” అన్నాడు. ఆ మాటలో కోపం కంటే అలసటే ఎక్కువ. “సరే, వినండి. కప్పు కొండమీది వాళ్లదే, దాన్నెవరూ ముట్టుకోరు. రెండో టీం పేరు రేపు సాయంత్రం అయిదులోగా పైకి పంపాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి గడియారం, రైలుగేటు ఒక్క మ్యాచి ఆడండి. గెలిచినవాళ్ల పేరు పంపుతాను. ఇద్దరూ ఒప్పుకుంటేనే.”

“మళ్లీ ఒక్క మ్యాచేనా సార్?” లెక్కల మేడమ్ నోట్లోంచి ఊడిపడింది.

“వంద ఆడించడానికి కోర్టు మా తాత రాసిచ్చాడా?”

“నేను ఒప్పుకోకపోతే?” అన్నాడు గళ్ల చొక్కా.

“ఒప్పుకోకపోతే చోటు మీదే. ఎవరూ లాక్కోరు.”

గళ్ల చొక్కా గడ్డం గోక్కున్నాడు. “పందొమ్మిది పాయింట్లతో ఓడి పైకెళ్తున్నారని మా ఆఫీసు ప్యూనే నవ్వుతున్నాడు సార్. ఇప్పుడీ పుస్తకం సంగతి కూడా బయటపడితే నన్ను బతకనిస్తారా? ఆడతాం. మూడో నంబరు ఎవరో రేపు తేలుస్తాం.”

విజిల్ సార్ అక్క వైపు తిరిగాడు. “మీరేమంటారమ్మా?”

“పావుగంట ఇవ్వండి,” అని అక్క బయటికి నడిచింది. లెక్కల మేడమ్ వెనకాలే వెళ్లింది.

కోర్టు మీద ఎండ చుర్రుమంటోంది. అవతలి రింగు కింద కాస్త నీడ ఉంటే అమ్మాయిలంతా బ్యాగుల మీద కూర్చుని ఇటే చూస్తున్నారు. అక్క గీత దగ్గర ఆగింది, వెనక్కి తిరగలేదు.

“ఎవరంటారు?” అంది.

“ఏమని?”

“అక్కకి మంచి గడి ఇచ్చుకుందని. ఎవరంటారు?”

“ఎవరో ఒకరు.”

“ఎవరైనా అన్నారా?”

“లేదు.”

“అనకముందే కోసి పారేశావన్నమాట.” అప్పుడు తిరిగింది అక్క. “తొమ్మిదేళ్లలో నిన్నొక్క సాయం అడిగానా? డ్రా వేసే వారం ఫోనైనా చేశానా? పోటీలున్నన్ని రోజులూ మీ ఇంటి గడప తొక్కను, నీకు మాటొస్తుందని. నీ పేరు నేనంత జాగ్రత్తగా చూస్తుంటే, నువ్వు ఆ పేరు మెరిపించుకోడానికి నా పిల్లల్ని వాడుకున్నావా?”

“తప్పయిపోయింది అక్కా.”

“పరాయిదాన్నైతే ఇరవయ్యే వేసేదానివి కదూ?”

“వేసేదాన్ని.”

“తోడబుట్టినదాన్ని కాబట్టి పది. నాకు పరాయి లెక్క చాలేదే. అంతకంటే ఎక్కువ నేనడిగానా?”

లెక్కల మేడమ్‌కి ఏడుపొచ్చింది. ఆపుకుందామని కూడా అనుకోలేదు, ఎండలో నిలబడి బావురుమంది. అక్క ఊరుకోమనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. మెడలోని టవలు తీసి చేతిలో పెట్టింది. “తుడుచుకో. పిల్లలు చూస్తున్నారు.”

కాసేపయ్యాక అడిగింది. “రేపు మేం గెలిచేది నూటికి ఎన్నిసార్లు?”

“యాభై నాలుగు.”

“అంతేనా? రెండో నంబరు అన్నావు!”

“రెండుకీ మూడుకీ తేడా గోరంతే అక్కా.”

“అయితే మంచి టీం ఎవరో రేపు కూడా తేలదు.”

“తేలదు.”

“నా ఉద్యోగం మాత్రం తేలిపోతుంది.” అక్క చిన్నగా నవ్వింది. సంతోషం లేకపోయినా అది నవ్వే. “బుడ్డీ! ఇలా రా.”

బుడ్డి పరుగున వచ్చింది. రేపు తొమ్మిదింటికి రైలుగేటుతో ఒక్క మ్యాచి, ఆడతారా అని అక్క అడిగింది. ఇప్పుడే ఆడమన్నా ఆడతాం మేడమ్ అంది బుడ్డి. ఎందుకు, ఏమిటి అని కూడా అడగలేదు.

గదిలోకి తిరిగొచ్చి అక్క ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది. గళ్ల చొక్కా అప్పటికే పెట్టేసి, టీముని పోగుచెయ్యాలని వెళ్లిపోయాడు. “ఒక షరతు సార్,” అంది అక్క. “రేపు స్కోరు టేబులు దగ్గర ఈవిడ ఉండకూడదు.”

“ఆ మాట నేనే అందామనుకుంటున్నాను,” అన్నాడు విజిల్ సార్.

లెక్కల మేడమ్ తలూపింది. ఈ శిక్ష చిన్నదే అనుకుంది.

“నా బెంచీ మీద ఉండాలి. మా టీముకి మేనేజరు లేడు.”

విజిల్ సార్ కళ్లజోడు మళ్లీ తీశాడు. “ఒక కాలేజీ బెంచీ మీద కూర్చున్న మనిషి పోటీల కమిటీలో ఉండకూడదమ్మా. రాజీనామా ఇవ్వాలి. ఇచ్చాక మళ్లీ ఏ పోటీకీ డ్రా వెయ్యనివ్వరు. పన్నెండేళ్ల పేరు ఆవిడది, ఆలోచించుకోండి.”

“ఆ పేరు సంగతి నాకు తెలుసు సార్, దాని ధర చెల్లించింది నేనే,” అంది అక్క. తర్వాత చెల్లెలితో మెల్లగా అంది. “అందరూ చూస్తుండగా ఒక్కసారి నా మనిషిలా కూర్చో. గెలిస్తే గెలుస్తాం, పోతే పోతాం. నేను బతిమాలను. తొమ్మిదింటికి నీ ఇష్టం.”

అక్క వెళ్లిపోయింది. బయట బంతి దరువు మొదలైంది.

లెక్కల మేడమ్ తెల్లకాగితం అడిగి తీసుకుంది. మూడు వాక్యాలు రాసింది. మూడోది, తను గడియారం కాలేజీ కోచ్ చెల్లెలినని. ఆ మాట ఇన్నేళ్లలో ఏ కాగితం మీదా రాయలేదు. సంతకం పెట్టి టేబులు మీదుగా జరిపింది. భయమేస్తుందేమోనని చూసుకుంది గానీ, వెయ్యలేదు. కడుపు నిండినట్టుగా ఉంది.

విజిల్ సార్ చదివి, మడిచి, సొరుగులో పెట్టాడు. పెట్టి కూడా సొరుగు మూయలేదు.

“రేపు స్కోరు రాయడానికి లైసెన్సున్నవాళ్లు ఎవరున్నారో ఇప్పుడే చూశానమ్మా,” అన్నాడు. “ఇద్దరు పై పోటీల ఏర్పాట్లకి వెళ్లారు. ఒకాయన ఆస్పత్రిలో ఉన్నాడు. మీరు ఇలా చేశారు. ఇక మిగిలింది ఒక్కరే.”

“ఎవరు సార్?”

“గళ్ల చొక్కా భార్య.”

లెక్కల మేడమ్ పెన్ను మూత పెట్టబోయి ఆగిపోయింది.

“మొగుడికి సాయం చేస్తుందని కాదమ్మా నా దిగులు.” విజిల్ సార్ సొరుగులోని కాగితం వైపే చూస్తున్నాడు. “ఆవిడ కూడా అచ్చం మీలాగే నిజాయితీ మనిషి.”